34 ఏళ్ల వామపక్ష పాలన బెంగాల్ పల్లెను ఏం చేసింది: ఖరగ్‌పూర్ నుంచి నేను చూసినంత

బెంగాల్‌ను కమ్యూనిస్టులు అన్నేళ్లు పాలించారు కదా, మామూలు జనానికి ఏం ఒరిగింది, వాళ్లు దిగిపోయాక ఏం మారింది, అక్కడ ఉన్నవాళ్లెవరైనా చెప్పండి అని అడిగారు. నేను ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగాను. మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. మథురాకాఠీ, నింపురా వైపు వెళితే ఇప్పటికీ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. అయితే ఖరగ్‌పూర్ టౌను ఎర్రజెండా కోటేం కాదు. అక్కడ కాంగ్రెస్ నుంచి జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్ ఎన్నోసార్లు గెలిచారు, ఊరంతా ఆయన్ని చాచా అనేవాళ్లు. కాంసాయి నది దాటి, మేదినీపూర్ మీదుగా కేశ్‌పూర్ వైపు వెళితే అది వేరే లోకం. ఆ లోకం నాకు మా ఇంటికి మరమరాలు తెచ్చే మాసీ వల్ల తెలిసింది. మాసీ అంటే పిన్ని. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లం కూడా అలాగే పిలుస్తాం.

మాసీ భర్త మేదినీపూర్‌లో ఉండే ఒకాయన పొలం పాలికి, అంటే పంటలో వాటాకి, చేసేవాడు. ఎన్నేళ్లు దున్నినా చేతిలో కాగితం ముక్క ఉండేది కాదు. ఒకే మడి వరసగా చేస్తే హక్కు అడుగుతాడేమోనని ఆసామి మడులు మారుస్తూ ఉండేవాడట. పంట కోశాక మోపులన్నీ ఆసామి కళ్లానికే చేరాలి. నూర్పిళ్లు అక్కడే, కొలత అక్కడే, గడ్డి కూడా అక్కడే ఉండిపోయేది.

1977 జూన్‌లో జ్యోతి బసు ప్రభుత్వం వచ్చింది. మరుసటి ఏడాది ఆపరేషన్ బర్గా మొదలైంది. బర్గా అంటే మన పాలికి చేయడమే. పాలిరైతులు రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరిగే పని లేకుండా అధికారులే పల్లెల్లో సాయంత్రాలు మీటింగులు పెట్టారు. పొలం పనులు ముగించుకుని వచ్చిన వాళ్లను కూర్చోబెట్టి, ఎవరు ఎవరి భూమి చేస్తున్నారో అందరి ముందూ అడిగి రాసుకున్నారు. తర్వాత పొలానికి వెళ్లి సరిచూసుకున్నారు. అసలు బలం చట్టంలో చేసిన మార్పులో ఉంది. ఫలానావాడు నా పాలిరైతు కాదు అని ఆసామి అంటే, ఆ సంగతి రుజువు చేసుకోవాల్సింది ఆసామే. విత్తనం, ఎరువు, ఎద్దులు అన్నీ రైతువే అయితే పంటలో ముప్పాతిక అతనిది. ఆసామి పెట్టుబడి పెడితే చెరి సగం. అలా 14 లక్షల మందికి పైగా పేర్లు రికార్డుకెక్కాయి.

మాసీ ఒకసారి ఆ కాగితం తెచ్చి మా అమ్మకు చూపించింది. వాళ్ల భాషలో పర్చా. పాలిథిన్ కవరులో మడిచి, దాన్ని పాత చీర గుడ్డలో చుట్టి తెచ్చింది. ఆవిడకు చదువు రాదు. భర్త పేరు ఎక్కడుందో మాత్రం వేలు పెట్టి చూపించింది, అదీ సరిగ్గా ఆ గడిలోనే. "ఆ ఏడు ధాన్యం మా వాకిట్లో నూర్చాం బౌదీ, గడ్డి కూడా మాకే మిగిలింది, ఆవును కొన్నాం" అని చెప్పింది. బౌదీ అంటే వదిన. ఆవిడకు ముప్పాతిక వాటా కన్నా ఆ గడ్డి గురించి చెప్పడమే ఇష్టం. నాకు భూసంస్కరణ అనే మాట అర్థమైంది ఆ రోజే.

మన దగ్గరితో పోల్చి చూడండి. 1946లో ఇక్కడ తెలంగాణలో సాయుధ పోరాటం మొదలైంది, అదే ఏడాది బెంగాల్‌లో పాలిరైతులు మూడింట రెండు వంతుల కోసం తెభాగా ఉద్యమం చేశారు. తర్వాత అక్కడ పాలిరైతు పేరు రికార్డుకెక్కింది. మా తాతగారి ఊళ్లో మాత్రం ఇప్పటికీ కౌలు అంటే నోటి మాటే. ఆంధ్రాలో 2019లో చట్టం తెచ్చి కౌలుదారుకు కార్డు ఇస్తామన్నా, దానికి భూ యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయం, అందుకే పెట్టరు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు కష్టం, పంట నష్టపోతే పరిహారం కష్టం. బెంగాల్ చేసిన పని విలువ తెలియాలంటే మన కౌలు రైతును అడిగితే చాలు.

అలాగని అందరికీ మేలు జరిగిందని అనను. పాలికి కూడా భూమి దొరకని కూలీకి బర్గా వల్ల వచ్చిందేమీ లేదు. ఇంగ్లిష్ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. సర్కారు ప్రైమరీ స్కూళ్లలో ఇంగ్లిష్ తీసేశారు. డబ్బున్నవాళ్లు ప్రైవేటు కాన్వెంట్లకు పోయారు, నాతో ఆడుకున్న బెంగాలీ మీడియం పిల్లలు ఆరో తరగతిలో ఏబీసీడీలతో మొదలుపెట్టారు.

ఇక రెండో సంగతి. 1978లో పంచాయతీ ఎన్నికలు పార్టీల గుర్తులతో జరిగాయి. ఊళ్లో పెత్తనం ఆసామి చేతి నుంచి జారింది. కానీ ఆ పెత్తనం ఊరివాళ్ల చేతికి రాలేదు, పార్టీ ఆఫీసుకు చేరింది. అన్నదమ్ముల పంపకం, గట్టు తగాదా, పెళ్లి పేచీ, ఆస్పత్రిలో బెడ్డు, దేనికైనా అక్కడికే పోవాలి. మా నాన్నగారు రిటైర్‌మెంట్‌కు ముందు ఇల్లు కట్టుకుంటుంటే, పునాది తీసిన మూడో రోజే ఒకతను వచ్చి ఇసుక, ఇటుక ఎవరి దగ్గర కొనాలో చెప్పి వెళ్లాడు. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. అతను గొంతు పెంచలేదు, టీ తాగాడు, నా చదువు గురించి అడిగాడు. ఆ రాత్రి నాన్నగారు అన్నం తినలేదు.

2000లో కేశ్‌పూర్ పల్లెల్లో రెండు పార్టీల మధ్య బాంబులు, ఇళ్లు తగలబెట్టడాలు జరుగుతున్నప్పుడు మాసీ కొన్ని నెలలు రాలేదు. వచ్చాక, మగవాళ్లు రాత్రుళ్లు పొలాల్లో పడుకుంటున్నారని చెప్పింది. ఎవరి పక్షం అని మా అమ్మ అడిగితే మరమరాలు కొలుస్తున్న డబ్బా ఆపి, తలుపు వైపు చూసింది. మా ఇంట్లో, మా నలుగురి మధ్య కూడా ఆవిడ నోరు విప్పలేదు.

భూమి ఇచ్చి పేరు తెచ్చుకున్నవాళ్లు భూమి దగ్గరే దెబ్బతిన్నారు. 2006లో సింగూరులో కార్ల ఫ్యాక్టరీ కోసం పొలాలు తీసుకున్నారు. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో పోలీసు కాల్పుల్లో 14 మంది చనిపోయారు. నందిగ్రామ్ మా పక్క జిల్లాయే. ఫ్యాక్టరీలు రావాలని కోరుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, వర్క్‌షాపు మీద బతికిన ఇల్లు మాది. కానీ ఆ వార్త విన్నాక మాసీ మొహం చూసి మాట్లాడలేకపోయాను. పర్చా ఉన్న మనిషి ఆవిడ.

2011లో ప్రభుత్వం మారింది, మమతా బెనర్జీ తృణమూల్ కాంగ్రెస్ వచ్చింది. 2021 ఎన్నికల్లో వామపక్షాలకు అసెంబ్లీలో ఒక్క సీటు కూడా రాలేదు. మా వీధిలో ఆఫీసు గోడకు కొత్త రంగు పడింది. లోపల కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది పాతవాళ్లే. ఇసుక సంగతి చెప్పడానికి ఇప్పుడు వేరే కుర్రాడు వస్తున్నాడు.

మాసీ ఇప్పుడు లేదు. ఆ బర్గా పొలం నలుగురు కొడుకుల మధ్య పంచితే తలా కొంచెమే వచ్చింది. ఆవిడ మనవడు హైదరాబాద్‌లో అపార్టుమెంట్లు కట్టే చోట సెంట్రింగ్ పని చేస్తాడు, నేను హైదరాబాద్ వచ్చినప్పుడల్లా కలుస్తాడు. 2023 పంచాయతీ ఎన్నికలప్పుడు పని మానుకుని, రిజర్వేషన్ దొరక్క జనరల్ బోగీలో ఊరికి వెళ్లి ఓటేసి వచ్చాడు. అంత కష్టపడి ఎందుకురా అన్నాను. "రాలేదని రాసుకుంటారు కాకూ, ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది" అన్నాడు.