కొరియన్ పాటకు రూ.12 లక్షల అడ్వాన్స్.. ఉద్యోగం మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదికి రూ.14 లక్షలు, చేతికి నెలకు రూ.95 వేలు వస్తాయి. మియాపూర్ ఫ్లాట్‌కి ఈఎంఐ రూ.31 వేలు. నాన్న రిటైరయ్యారు, ఇంటి ఖర్చంతా నాదే. రాత్రిళ్లు ట్యూన్లు కట్టుకుంటాను. ఆన్‌లైన్ సాంగ్ క్యాంప్‌లో (రచయితలు కలిసి పాటలు కట్టే శిబిరంలో) మరో ముగ్గురితో కలిసి చేసిన పాటను ఒక కొరియన్ గ్రూప్ ఆల్బమ్‌లో పెట్టుకుంది. ట్యూన్‌లో నా వాటా నాలుగో వంతు. ఇప్పుడు సియోల్‌లోని ఒక మ్యూజిక్ పబ్లిషర్ (పాటల హక్కులు చూసుకుని రాయల్టీ వసూలు చేసే సంస్థ) మూడేళ్ల ఒప్పందానికి రూ.12 లక్షల అడ్వాన్స్ ఇస్తామంటున్నారు. రాయల్టీలో నాకు 75 శాతం, వాళ్లకు 25. ఆ మూడేళ్లలో మూడు పూర్తి పాటలు విడుదల కావాలట. నా పాటలు 12 ఏళ్లు వాళ్ల దగ్గరే ఉంటాయట. మరొకరు ఈ ఒక్క పాటలో నా వాటాను రూ.5 లక్షలకు శాశ్వతంగా కొంటామంటున్నారు. ఏది మంచిది? ఉద్యోగం మానేసి దీని మీదే ఉండొచ్చా? కొరియా మ్యూజిక్ కంపెనీల షేర్లు కొనమని తమ్ముడు పోరుతున్నాడు, కొననా?

జవాబు: ముందుగా అభినందనలు. కొరియా వాళ్లు బయటి దేశాల ట్యూన్లు తీసుకోవడం కొత్త కాదు. 1998లో ఎస్.ఇ.ఎస్. అనే కొరియన్ గ్రూప్ పాడిన ‘డ్రీమ్స్ కమ్ ట్రూ’ ఒక ఫిన్లాండ్ పాటకు కొరియన్ రూపం. ఆ తర్వాత స్వీడన్ రచయితలు అక్కడ పాతుకుపోయారు. ఆ వరసలోకి హైదరాబాద్ నుంచి ఒకరు వెళ్లారంటే నాకు నిజంగా సంతోషం. అందుకే ఈ కాగితాల మీద తొందరపడి సంతకం చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

మీ పాట నుంచి డబ్బు ఎలా వస్తుందో చూడండి. కొరియాలో స్ట్రీమింగ్ ఆదాయంలో 35 శాతం యాప్ కంపెనీకి పోతుంది. మిగిలిన 65 శాతం ఇలా పంచుతారు, అన్నీ మొత్తం ఆదాయంలో శాతాలే: 48.25 శాతం రికార్డింగ్ చేయించిన కంపెనీది, 6.25 శాతం పాడినవాళ్లు, వాయించినవాళ్లది. పాట రాసినవాళ్లకూ ట్యూన్ కట్టినవాళ్లకూ కలిపి దక్కేది 10.5 శాతమే. ఆ 10.5నీ కొరియా మ్యూజిక్ కాపీరైట్ సంఘం కోమ్‌కా పన్నెండు భాగాలు చేస్తుంది: సాహిత్యానికి 5, ట్యూన్‌కి 5, అరేంజ్‌మెంట్‌కి (వాయిద్యాల కూర్పుకి) 2. డెమోలో మీరు ఇంగ్లిష్ మాటలు రాసి ఉన్నా, పాట బయటికొచ్చేసరికి కొరియన్ రచయితలు కొత్త సాహిత్యం రాస్తారు. సాహిత్యం వాటా సాధారణంగా వాళ్లదే అవుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీ పాట స్ట్రీమింగ్‌లో లక్ష రూపాయలు తెచ్చిందనుకోండి. అందులో రూ.10,500 రచయితల సొమ్ము. ట్యూన్ భాగం రూ.4,375. నలుగురు పంచుకుంటే తలా రూ.1,094. పబ్లిషర్ 25 శాతం తీసుకున్నాక మీకు మిగిలేది రూ.820. సంఘం కమిషన్ ఇంకా తీయలేదు. అడ్వాన్స్ బోనస్ కాదు, మీ రాయల్టీలోంచే మీకు ముందుగా ఇచ్చే సొమ్ము. అది పూర్తిగా తీరేదాకా కొత్తగా పైసా రాదు. స్ట్రీమింగ్ ఒక్కదాంతో రూ.12 లక్షలు తీరాలంటే మీ పాటలు అక్కడ రూ.14 కోట్లకు పైగా సంపాదించాలి.

నిరాశపడకండి, ఇదొక్కటే దారి కాదు. ఈ వ్యాపారానికి అసలు బలం సీడీలు. ఆల్బమ్‌తో వచ్చే గాయకుల ఫోటోకార్డుల కోసం అభిమానులు ఒకే ఆల్బమ్‌ను నాలుగైదు కాపీలు కొంటారు. 2023లో సెవెంటీన్ గ్రూప్ మినీ ఆల్బమ్ మొదటి వారంలోనే 45 లక్షలకు పైగా అమ్ముడైంది. సీడీ అమ్మితే అందులోని ప్రతి పాటకూ రాయల్టీ వస్తుంది, ఎవరు విన్నా వినకపోయినా. మీ పాట టైటిల్ ట్రాక్, అంటే ఆల్బమ్‌లో ప్రధాన పాట, కాకపోతే ఇదే పెద్ద ఆదాయం కావచ్చు. జపాన్‌లో అమ్మకాలు, కచేరీలు, టీవీ వేరే. అయితే ఒక్కో దేశం సంఘం నుంచి స్థానిక పబ్లిషర్‌కి, అక్కడి నుంచి సియోల్‌కి, తర్వాత మీకు చేరేసరికి ఏడాదీ ఏడాదిన్నరా పట్టడం మామూలే. ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాలి.

పబ్లిషర్ ఒప్పందంలో నన్ను భయపెట్టింది ‘మూడు పూర్తి పాటలు’ అన్న షరతు. ఇలాంటి ఒప్పందాల్లో పాటల్ని సంఖ్యతో కాదు, మీ వాటాతో లెక్కిస్తారు. సాహిత్యం సగం, ట్యూన్ సగం అనుకుంటే ట్యూన్‌లో నాలుగో వంతు అంటే మొత్తం పాటలో ఎనిమిదో వంతు. మూడు పూర్తి పాటలు కావాలంటే ఇలాంటివి 24 విడుదల కావాలి. పాట ఎంపిక చేసేది మీరు కాదు, లేబుల్, అంటే గ్రూప్‌ను నడిపే మ్యూజిక్ కంపెనీ. తీసుకుంటామని హోల్డ్‌లో పెట్టి నెలల తర్వాత వద్దనడం అక్కడ రోజూ జరిగేదే. లెక్క పూర్తికాకపోతే మూడేళ్ల ఒప్పందం సాగుతూనే ఉంటుంది, ఆ కాలంలో మీరు కట్టే ప్రతి ట్యూనూ వాళ్ల చేతిలోకే వెళ్తుంది. రూ.12 లక్షలు చూసి దీన్ని దాటేయొద్దు.

అడ్వాన్స్ తగ్గించుకునైనా ఈ షరతు మార్పించండి. రూ.6 లక్షలే ఇవ్వనీయండి, కానీ వాటా ఎంతైనా విడుదలైన ప్రతి పాటనూ ఒకటిగా లెక్కించాలి, లేదా నాలుగేళ్లకు ఒప్పందం ఎలాగైనా ముగియాలి. 12 ఏళ్లను ఆరేడేళ్లకు తగ్గించమనండి. మీ 75 శాతాన్ని డబ్బు పుట్టిన చోట లెక్క కట్టాలని రాయించండి. లేకపోతే జపాన్‌లో ఒకరు, అమెరికాలో ఒకరు తమ కమిషన్ తీసుకున్నాక మిగిలినదాంట్లో 75 శాతం వస్తుంది. ఆరు నెలలకోసారి స్టేట్‌మెంట్, వాళ్ల పుస్తకాలు తనిఖీ చేయించుకునే హక్కు కూడా ఉండాలి. ఆ పబ్లిషర్ లేబుల్ సొంత సంస్థ అయితే ఇంకాస్త జాగ్రత్త. ఎస్ఎం ఎంటర్‌టైన్‌మెంట్ అనే లేబుల్ 2023లో తన పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకుంది. అలాంటి చోట పాటలు ఎంపికయ్యే అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ డబ్బు ఇవ్వాల్సినవాళ్లూ మీ తరఫున వసూలు చేయాల్సినవాళ్లూ ఒకే ఇంటివాళ్లు అవుతారు. సంతకానికి ముందు కాపీరైట్ లాయర్‌కి ఫీజు ఇచ్చి చదివించండి. ఈ ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

రూ.5 లక్షలకు శాశ్వతంగా అమ్మడానికి మాత్రం ఒప్పుకోవద్దు. కొరియాలో కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన 70 ఏళ్లు. ఒక్క స్టేట్‌మెంట్ కూడా రాకముందే అంత కాలపు ఆదాయానికి ధర కట్టడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. బ్రేవ్ గర్ల్స్ అనే గ్రూప్ పాడిన ‘రోలిన్’ 2017లో విడుదలై ఎవరికీ పట్టలేదు. 2021 మార్చిలో ఒక వీడియో వైరల్ అయ్యాక చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. మీ పాటకూ అలా జరుగుతుందని చెప్పను, కానీ జరిగితే ఆ డబ్బు మీకే రావాలి. కొరియాలోనే పెక్ హీనా అనే బొమ్మల పుస్తకాల రచయిత్రి తొలి పుస్తకం హక్కుల్ని ఇలాగే ఒక్కసారిగా రాసిచ్చేశారు. పుస్తకం దేశమంతా పాకింది, కార్టూన్‌గా, నాటకంగా వచ్చింది. ఆమె కోర్టుకెళ్లి 2020లో సుప్రీంకోర్టు దాకా ఓడిపోయారు. మన దేశంలో 2012 సవరణ తర్వాత సినిమా పాటల రచయితలు తమ రాయల్టీ హక్కును వదులుకుంటున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు. సియోల్ కోర్టుల పరిధిలో రాసుకున్న ఒప్పందంలో ఆ రక్షణ మీకు దొరుకుతుందని అనుకోవద్దు.

ఉద్యోగం ఇప్పుడు మానొద్దు. మొత్తం రూ.12 లక్షలూ ఒకే ఏడాదిలో వస్తే, మీ జీతంతో కలిపి కొత్త పన్ను విధానంలో దాదాపు రూ.2.7 లక్షలు అదనంగా కట్టాలి. పన్నుకు కావాల్సిన ఆ సొమ్మును అడ్వాన్స్ అందిన రోజే వేరే ఎఫ్‌డీలో పెట్టి అడ్వాన్స్ ట్యాక్స్ గడువులకు కట్టేయండి. కొరియాలో పట్టుకునే పన్ను భారత్-కొరియా ఒప్పందం ప్రకారం రాయల్టీపై 10 శాతం మించకూడదు. అందుకు మన ఆదాయపు పన్ను శాఖ నుంచి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ తీసుకుని ముందే పంపండి. అక్కడ కట్టినదాన్ని ఇక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు, రిటర్న్‌లో విదేశీ ఆదాయం చూపించి రసీదులు దాచుకుంటే. మిగిలినదాంట్లో ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి ఎనిమిది నెలలకు సరిపడా లిక్విడ్ ఫండ్‌లో ఉంచండి. నాన్నగారికి ఆరోగ్య బీమా లేకపోతే ముందు అది, తర్వాత మీకు టర్మ్ పాలసీ. మైకు, సౌండ్ కార్డు లాంటివాటికి రూ.లక్ష దాటొద్దు. అడ్వాన్స్‌ను పక్కన పెట్టి, పన్ను పోగా వచ్చిన రాయల్టీ వరసగా రెండేళ్లు మీ ఈఎంఐకీ ఇంటి ఖర్చుకీ సరిపోతే, అప్పుడు ఉద్యోగం మానే మాట మాట్లాడదాం. అంతకుముందే సమయం కావాలనిపిస్తే ఆఫీసులో రెండు మూడు నెలల జీతం లేని సెలవు అడగండి.

తమ్ముడి మాటకొస్తే, మీ రాయల్టీ ఆ పరిశ్రమ మీదే ఆధారపడి ఉంది. పొదుపు కూడా అక్కడే పెడితే దెబ్బ తగిలినప్పుడు రెండూ ఒకేసారి పోతాయి. బీటీఎస్ గ్రూప్‌ను నడిపే కంపెనీ హైబ్, అప్పట్లో బిగ్ హిట్, 2020 అక్టోబరులో లిస్టయింది. 1,35,000 వాన్‌లకు ఇచ్చిన షేరు ఆ రోజే 3,51,000 తాకి 2,58,000 దగ్గర ముగిసింది. 2022 జూన్‌లో బీటీఎస్ విరామం అనగానే ఒక్క రోజులో పావు వంతు పడింది. మీ ఎస్ఐపీలు ఇక్కడి ఇండెక్స్ ఫండ్లలోనే కొనసాగించండి.

ఈ నెలలోనే చేయాల్సిన పనులు మూడున్నాయి. పాటల రచయితల రాయల్టీ వసూలు చేసే మన దేశ సంఘం, ముంబయిలోని ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వానికి దరఖాస్తు చేయండి. రచయితను ప్రపంచమంతా గుర్తించే ఐపీఐ నంబరు వస్తే ఏ దేశంలోనైనా మీ పేరు మీద వాటా నమోదవుతుంది. నలుగురి వాటాలూ రాసి సంతకాలు చేసిన స్ప్లిట్ షీట్ లేకపోతే మిగతా ముగ్గురితో ఇప్పుడే చేయించుకోండి. మీ ఆఫీసు నియామక పత్రం కూడా తీసి చదవండి. బయట సంపాదన, ఉద్యోగకాలంలో సృష్టించినవాటిపై హక్కులు అనే క్లాజులు చాలా ఐటీ కంపెనీల్లో ఉంటాయి. అలాంటివి కనిపిస్తే పబ్లిషర్‌కి జవాబిచ్చేలోపే హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి.