ప్లాస్టిక్ అద్దం వాచీకి అన్ని లక్షలా?

"చేతిలో ఫోన్ ఉండగా వాచీకి లక్షలు పోయడం దండగ కాదా? కొన్నవాళ్లు నిజం చెప్పండి" అని అడిగారు. దండగే. ముందు ఆ మాట అనేసుకుంటే మిగతాది ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు.

నా దగ్గరున్నవి దాదాపు అన్నీ పాత హెచ్‌ఎంటీలే. జనతా, పైలట్, కోహినూర్, సోనా. అన్నీ పొద్దున్నే కీ ఇవ్వాల్సినవే. వాటి మధ్యలోకి ఈమధ్య స్విట్జర్లాండ్ కంపెనీ ఒమేగా వాళ్ల స్పీడ్‌మాస్టర్ వచ్చి చేరింది. కాలేజీలో ఉన్నప్పుడు ఏదో పత్రికలో దాని ఫొటో చూశాను. ఉద్యోగం, పెళ్లి, ఇంటి లోను, పిల్లల ఫీజులు అన్నీ దాన్ని వెనక్కి నెడుతూ వచ్చాయి గానీ మనసులోంచి మాత్రం పోలేదు.

ఎందుకంత పిచ్చి అంటే, అది నగ కాదు, పనిముట్టు. 1965లో నాసా వాళ్లు రకరకాల కంపెనీల వాచీలు తెచ్చి 71 డిగ్రీల వేడిలో రెండు రోజులు, ఆపైన 93 డిగ్రీల్లో అరగంట ఉడకబెట్టారు. చలిలో పెట్టారు, కుదిపారు, గాలి లేని గదిలో పడేశారు. తట్టుకుని నిలబడింది ఇదొక్కటే. 1969లో చంద్రుడి మీద నడిచింది, ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పాటు వెళ్లిన ఆల్డ్రిన్ చేతికున్న స్పీడ్‌మాస్టర్. చాలామంది ఆర్మ్‌స్ట్రాంగ్ వాచీ అంటుంటారు, నాకు ఒళ్లు మండుతుంది. లాండర్‌లో టైమర్ మొరాయించిందని ఆయన తన వాచీని లోపలే వదిలి దిగాడు. ఆల్డ్రిన్‌ది తర్వాత మ్యూజియానికి పంపుతుంటే దారిలోనే మాయమైంది!

సరే, కొన్న రోజు సంగతి. హైదరాబాద్‌లో ఒక షోరూమ్‌కి నేనూ మా ఆవిడా వెళ్లాం. నేను చెప్పులతో వెళ్లాను, ఎండాకాలం మరి. అక్కడి అబ్బాయి మొదట నా కాళ్లకేసి చూసి, తర్వాత "గిఫ్ట్ ఎవరికి సర్?" అన్నాడు. చెప్పులేసుకున్నవాడు తనకోసం కొనుక్కోడని ఈ షోరూమ్‌ల వాళ్లకి ఎవరు నేర్పుతారో!

ఇందులో రెండు రకాలు. ఒకదానికి గీతలు పడని సఫైర్ అద్దం, వెనక నుంచి మిషన్ కూడా కనిపిస్తుంది. రెండోదానికి హెసలైట్ అద్దం, వెనక స్టీలు మూత. హెసలైట్ అంటే ఏం లేదు, ప్లాస్టిక్కే. నేను రెండోది అడిగాను. ఆ అబ్బాయి "ఇంకొంచెం పెట్టుకుంటే సఫైర్ వచ్చేస్తుంది సర్" అని పాట మొదలెట్టాడు. మా ఆవిడ వెంటనే "అన్ని లక్షలు తీసుకుని ప్లాస్టిక్ ఇస్తారా?" అంది.

వ్యోమనౌకలో అద్దం పగిలితే ముక్కలు గాల్లో తేలుతూ కంట్లో పడతాయి, ప్లాస్టిక్ అలా పగలదు, అందుకే దాన్ని వాడారు అని చెప్పాను. వినలేదు. భూతద్దం తీసుకుని వాచీని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "ఏవండీ, మధ్యలో ఏదో గీత ఉంది. కొత్తది ఇమ్మనండి" అంది. ఆ అబ్బాయి నవ్వాపుకోలేకపోయాడు. అది గీత కాదు. హెసలైట్ అద్దం నట్టనడుమ, సూది మొనంత ఒమేగా గుర్తు ఉంటుంది. వెలుతురు ఒక వాలులో పడితేనే కనిపిస్తుంది. ఆ సంగతి నేను ఏళ్ల తరబడి చదివి తెలుసుకున్నాను. ఆవిడ రెండు నిమిషాల్లో పట్టేసింది. ఆ తర్వాత ప్లాస్టిక్ ఊసెత్తలేదు, పైగా బిల్లు వేసే ఆవిడకి కూడా ఆ గుర్తు చూపించింది.

రెండు లక్షలు దాటింది కాబట్టి పాన్ కార్డు ఇచ్చి, పద్దెనిమిది శాతం జీఎస్‌టీ కట్టి బయటపడ్డాం. అంతకుముందు మా తోడల్లుడు "ఆగు, స్విట్జర్లాండ్‌తో ఒప్పందం అయింది, వాచీల మీద కస్టమ్స్ సుంకం తగ్గుతుంది" అన్నాడు. నిజమే, 2024లో సంతకాలయ్యాయి. కానీ ఆ సుంకం పూర్తిగా పోవడానికి ఏడేళ్లు! ఈలోగా కంపెనీవాళ్లు ధరలు పెంచకుండా చేతులు కట్టుకుని కూర్చుంటారా?

సఫైర్ కొన్నవాళ్లంతా లోలోపల హెసలైట్ కొనుంటే బాగుండేదనుకుంటారని నా గట్టి నమ్మకం. సఫైర్ పగిలితే మార్చాల్సిందే. దీనికి గీత పడితే పాలిష్ క్రీము రాసి మెత్తటి గుడ్డతో రుద్దితే పోతుంది. మా నాన్న తన జనతా అద్దానికి టూత్‌పేస్టు రాసి రుద్దేవాడు, అదే విద్య.

ఇంకో విషయం. దీని మధ్యలో ఉన్న పెద్ద సెకన్ల ముల్లు మామూలుగా తిరగదు, అది స్టాప్‌వాచ్‌ది. నడిచే ముల్లు ఎడమవైపు చిన్న గుండ్రంలో ఉంటుంది. అందుకని ఆఫీసులో కనిపించిన ప్రతివాడూ "సార్, మీ వాచీ ఆగిపోయింది" అంటాడు. ధర తెలిసిన ఒకాయన మాత్రం "ఫస్ట్ కాపీ అయితే రెండు వేలకే దొరుకుతుంది కదండీ" అన్నాడు. ఆయనతో మాట్లాడటం తగ్గించాను.

లక్షలు పెట్టడం ఇష్టం లేకపోతే మంచి హెచ్‌ఎంటీ పైలట్ కొనుక్కోండి, కీ ఇచ్చే సుఖం అదే. కాకపోతే ఆన్‌లైన్‌లో సగానికి సగం పాత డయల్ మీద కొత్తగా రంగేసినవే. వాటినే 'రిస్టోర్డ్' అని అమ్ముతున్నారు. కంపెనీ ఎన్నడూ వేయని రంగులు కనిపించినా, అక్షరాలు లావుగా అలుక్కుపోయినట్టున్నా, నిమిషాల గీతలు ముల్లు మొనకి సరిగ్గా అందకపోయినా ముట్టుకోవద్దు. అమ్మేవాణ్ని మూత తీసి లోపలి మిషన్ ఫొటో పెట్టమనండి. పెట్టనంటే వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది.