అంగన్‌వాడీ టీచర్ జీతం పెంచితే పిల్లలకు ఒరిగేదేమిటి?

రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి అంగన్‌వాడీ టీచర్ల జీతం పెంచితే పిల్లల చదువులో తేడా వస్తుందా, లేక అది ఓట్ల కోసం పెట్టే ఖర్చేనా అని అడిగారు. తేడా కచ్చితంగా వస్తుంది. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతాను. మా ఆవరణలోనే అంగన్‌వాడీ సెంటర్ ఉంది. ఏ పిల్లవాడు ఎలాంటి టీచర్ దగ్గర కూర్చుని వచ్చాడో మొదటి వారంలోనే చెప్పగలను.

ఆ సెంటర్‌లో నాలుగేళ్ల పిల్లవాడొకడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒక ఉదయం టీచరమ్మ వాడి ముందు చింతగింజలూ గవ్వలూ కలిపి పోసి, ఏమీ అడగకుండా, తానే కావాలని తప్పుగా వేరు చేయసాగింది. కాసేపు ఓర్చుకుని చూసిన పిల్లవాడు ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, "అది కాదు, ఇక్కడ పెట్టాలి" అన్నాడు. శిక్షణ పొందిన నాబోటి వాడైతే "ఇవి ఎన్ని?" అని అడిగి వాడి నోరు మళ్లీ మూయించేవాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు ఫోన్ వచ్చింది. సరుకులు తీసుకున్న బాలింత ఫొటో యాప్‌లో ఎక్కలేదని, వెంటనే ఎక్కించాలని అవతలి నుంచి ఆదేశం. సిగ్నల్ కోసం ఆమె గేటు దాకా వెళ్లి వచ్చేసరికి పిల్లవాడు గింజలు వదిలేసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పాలు, గుడ్లు, బరువులు, గర్భిణుల వివరాలు, సర్వేలు అన్నీ లెక్కకు వస్తాయి గానీ, ఆ ఉదయం ఆమె చేసిన అసలు పని నమోదు చేయడానికి ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు.

ఇక డబ్బు సంగతి. 2018 అక్టోబరు నుంచి కేంద్రం లెక్క ప్రకారం టీచర్‌కు నెలకు 4,500 రూపాయలు; మన రాష్ట్రాల్లో అందులోనూ కేంద్రం భరించేది 60 శాతమే. మిగతాదంతా రాష్ట్రం కలపాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొత్తం 11,500 చేశారు. 2023 డిసెంబరులో టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగేనాటికీ అది అంతే ఉంది. అప్పటికి పక్కనున్న తెలంగాణలో 13,650 ఇస్తున్నారు. 42 రోజులు సాగిన ఆ సమ్మె మీద ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది: ఆగితే రాష్ట్రం ఇబ్బంది పడేంత అత్యవసరమైన పని అయినప్పుడు, దానికి కనీస వేతనం ఎందుకు వర్తించదు? గ్రాట్యుటీకి వాళ్లు అర్హులని చెప్పడానికి కూడా 2022లో సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చింది.

అయితే అందరికీ ఒకేసారి రెండు వేలో మూడు వేలో పెంచి, ఫ్లెక్సీలు కట్టి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. ఇరవై ఏళ్లు పనిచేసిన టీచర్‌కూ నిన్న చేరిన అమ్మాయికీ ఒకే మొత్తం ఇవ్వడమే అసలు లోపం. నాకు ఏటా ఇంక్రిమెంట్ వస్తుంది, కరువు భత్యం పెరుగుతుంది. నాకంటే కష్టమైన వయసు పిల్లలను చూసే ఆమెకు అవేవీ లేవు. అందువల్ల చురుకైనవాళ్లు సాయంత్రం కుట్టుమిషన్ ముందు కూర్చుంటారు, లేదా వేరే ఉద్యోగానికి దరఖాస్తు పెడతారు. తల్లిదండ్రులేమో టై, బూట్లు ఉన్నాయన్న ఒక్క కారణంతో మూడేళ్ల పిల్లలను ప్రైవేటు నర్సరీకి పంపి, అక్కడ ఇంకా తక్కువ జీతానికి పనిచేసే ఆడపిల్ల చేత ఏబీసీడీలు దిద్దిస్తున్నారు.

కాబట్టి రాష్ట్రం పెట్టే డబ్బు సర్వీసును బట్టి పెరిగే స్కేలుగా ఉండాలి. యాప్ పని చేయడానికి ప్రతి సెక్టార్‌కూ, అంటే కొన్ని సెంటర్లు కలిసిన ప్రతి గుంపుకూ, వేరే మనిషిని ఇవ్వాలి. ఆయాను కూడా అదే స్కేలు పద్ధతిలోకి తేవాలి, ఎందుకంటే టీచర్ గేటు దగ్గర సిగ్నల్ వెతుక్కునేటప్పుడు గదిలో పిల్లలతో మిగిలేది ఆమె ఒక్కతే.