జపమాలతో మైళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: దొరల కాలంలో లామా వెంట తిరుగుతూ గూఢచారి అయిన అనాథ కుర్రాడి కథ, కిప్లింగ్ ‘కిమ్’ చదివాం. అందులోలా జపమాలతో దూరం కొలవడం నిజంగా కుదురుతుందా? మా పిల్లలతో అలిపిరి మెట్లదారిలో చేయించవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

జవాబు: కుదురుతుంది, కొలిచారు కూడా. తెల్లవాళ్లను రానివ్వని టిబెట్‌లోకి సర్వే అధికారి మాంట్‌గొమరీ 1860లలో కుమావూ కొండప్రాంతం వాళ్లను యాత్రికుల వేషంలో పంపాడు. వాళ్లలో నైన్ సింగ్ రావత్ 1866లో లాసా చేరాడు. ఆయన మాలలో 108 కాదు, 100 పూసలే. నడకలో వేసిన నూరు అడుగులకో పూస జరిపితే మాల ఒక చుట్టు తిరిగేసరికి పదివేల అడుగులు. మైలుకు 2000 చొప్పున అది 5 మైళ్లు. లెక్కలు రాసిన కాగితం ప్రార్థన చక్రంలో దాగేది. ఎవరైనా దగ్గరికొస్తే చక్రం తిప్పుతూ జపం అందుకుంటే చాలు, పలకరించేవారు కాదు.

మెట్లమీద మాత్రం వద్దండీ. అక్కడ అడుగు నిడివిని మెట్టు వెడల్పే తేలుస్తుంది. స్కూలు గ్రౌండులో టేపుతో 100 మీటర్లు కొలిచి, మామూలు నడకతో మూడుసార్లు నడిపించి సగటు తీయండి. 150 అడుగులు పడితే అడుగు సుమారు 67 సెంటీమీటర్లు. ఇంట్లోది 108 పూసల మాలైతే ఎనిమిదింటిని దారంతో కట్టేయండి. కబుర్లలో పడి ఒక్క పూస మరిస్తే 67 మీటర్లు పోయినట్టే. అలసిపోతే అడుగు కురచవుతుంది, దూరం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

కొండమీద చేయించాల్సింది వేరే ఉంది. ఆ సర్వే యాత్రికులు ఎత్తును మరిగే నీళ్లతో లెక్క కట్టేవారు. సుమారు 300 మీటర్లు ఎక్కితే నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది. తిరుపతిలో, తిరుమలలో కొలిస్తే రెండు డిగ్రీల పైచిలుకు తేడా రావాలి. ల్యాబ్ థర్మామీటరే వాడండి, జ్వరం చూసేది పనికిరాదు. మొన గిన్నె అడుగుకు తగిలితే లెక్క తప్పుతుంది.

ప్రశ్న: ఆ ‘కిమ్’ కథలోలాంటి లామా, శిష్యుడు నిజంగా ఉన్నారా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అచ్చంగా అలాగే కాదు. కింతుప్ గురించి మాత్రం తప్పక తెలుసుకోండి. సిక్కిం మనిషి, చదువు రాదు. టిబెట్‌లోని సాంగ్‌పో నదే బ్రహ్మపుత్ర అవునో కాదో తేల్చడానికి 1880లో ఒక లామాకు తోడుగా వెళ్లాడు. ఆ లామా ఆయన్ను బానిసగా అమ్మేసి తన దారిన పోయాడు. పారిపోయిన కింతుప్‌ను మార్పుంగ్ మఠం పెద్ద లామా 50 రూపాయలిచ్చి విడిపించి, పనిలో పెట్టుకున్నాడు. యాత్ర పేరుతో సెలవడిగి, కింతుప్ 500 దుంగలు నరికి గుర్తులు పెట్టి, రోజుకు 50 చొప్పున నదిలో వదిలాడు. అవి అస్సాంలో బ్రహ్మపుత్రలో కనిపిస్తే రెండూ ఒకే నది అని తేలేది. కానీ ముందే పంపిన కబురు అప్పటి సర్వే అధికారికి అందలేదు, అక్కడ దుంగల కోసం కాపు కాసినవారే లేరు. 1884లో తిరిగొచ్చి చెప్పినా చాలామంది నమ్మలేదు. 1913లో బ్రిటిష్ అధికారులు బెయిలీ, మోర్స్‌హెడ్ ఆ నది లోయకు వెళ్లి చూశాకగానీ ఆయన మాటకు విలువ దక్కలేదు.