అల్లుడుగారి పుట్టినరోజుకి ఏం కొనాలంటే

రాజమండ్రి

చి.ల.సౌ. చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

ఫోన్లోనే చెబుదామనుకున్నాను గానీ, నువ్వు సగంలో “సరే పెదనాన్నా, పిల్లాడు లేచాడు” అని పెట్టేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారి పుట్టినరోజుకి ఆ నెట్ సామాన్లలోనే ఏదైనా కొనాలని ఉంది, ఏది కొనాలో తెలియట్లేదు అన్నావు కదా. నేను టెలిఫోన్స్‌లో 34 ఏళ్లు చేశాను. మాది రాగి తీగ, మీది గాజు తీగ. ఆ పని చేసే మనిషి బాధ మాత్రం మారలేదు. లైను నడిచినన్నాళ్లూ వాడి ఊసు ఎవరికీ పట్టదు, ఆగిన రోజున భోజనం దగ్గర్నుంచి లేపుతారు.

ముందు కొనకూడనిది చెబుతాను. రౌటర్ కొనకు. ఎంత ఖరీదైనదైనా సరే, ఆయన్ని అడక్కుండా కొనకు. నేనా తప్పు చేశాను. మా పెద్దాడికి కొత్తిల్లు కట్టుకున్నప్పుడు నాలుగు కొమ్ములున్న రౌటర్ ఒకటి తీసుకెళ్లి ఇచ్చాను. కొమ్ములెన్ని ఉంటే అంత మంచిదని షాపువాడు చెప్పాడు, నేను నమ్మాను. తీరా అది పాత ఫోన్ లైనుకి తగిలించే రకం. వాళ్లింటికేమో ఫైబర్ వచ్చింది. “బాగుంది నాన్నా” అని నవ్వి తీసుకున్నాడు. రెండేళ్ల తర్వాత అటక మీద పాత కుక్కర్ పక్కన అట్టపెట్టెతో సహా కనిపించింది. ఇంట్లో నెట్ చూసుకునేవాడికి రౌటర్ అంటే వంటచేసేవాళ్లకి పొయ్యి లాంటిది. ఏది కావాలో ఆర్నెల్ల నుంచి మనసులో ఉంటుంది, అదొక్కటే కావాలి.

మరేం కొనాలంటే, ఆయన తన డబ్బుతో తను ఎప్పటికీ కొనుక్కోని చిన్న సామాన్లు. ఇలాంటివాళ్లు పదివేల రౌటర్ కొంటారు గానీ, ఐదొందల పనిముట్టు దగ్గర “ఉన్నదానితో కానిచ్చేద్దాం” అంటారు.

మొన్న అన్నప్రాసనకి వచ్చినప్పుడు చూశాను. మీ అత్తగారి గదిలో టీవీ ఆగిందని అల్లుడుగారు నిచ్చెనెక్కారు. ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని, వంటింటి కత్తితో కేబుల్ తొక్క తీస్తూ, “ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ...” అని మంత్రంలా గొణుక్కుంటున్నారు. ఆ ఎనిమిది తీగల్నీ వేళ్లతో సాపు చేసి, ప్లాస్టిక్ కనెక్టర్లో దూర్చి, కటింగ్ ప్లేయరుతో నొక్కారు. నొక్కుడు ఒక పక్కకి ఒరిగింది. నాకు కనిపించింది, ఊరుకున్నాను. అల్లుడి చేతిపనికి వంక పెట్టడానికి వెళ్లలేదు కదా నేను.

టీవీ వచ్చింది, అందరూ సంతోషించారు. ఆయన మాత్రం ఫోన్లో ఏదో చూసుకుంటూ “వందే వస్తోందేంటి” అనుకున్నారు. కారణం చెబుతాను, ఈ సంగతి తెలిస్తే షాపులో నిన్నెవరూ మోసం చెయ్యలేరు. గిగాబిట్ వేగం, అంటే సెకనుకి వెయ్యి మెగాబిట్లు, రావాలంటే ఎనిమిది తీగలూ అందాలి. నీలం జతలోనో గోధుమరంగు జతలోనో ఒక్కటి సరిగ్గా అంటకపోయినా లైను ఆగదు, వెయ్యి రావలసింది వందకి పడిపోయి నడుస్తూ ఉంటుంది. పూర్తిగా చచ్చిన లైనుని పట్టుకోవడం తేలిక. ఇలా సగం బతికున్నదే ప్రాణం తీస్తుంది.

కాబట్టి మొదటిది, మంచి క్రింపింగ్ టూల్, అంటే కనెక్టర్ని తీగకి నొక్కి బిగించే పనిముట్టు. దాంతోపాటు కేబుల్ టెస్టర్. టెస్టర్‌కి రెండు ముక్కలుంటాయి. తీగకి ఇటొకటి అటొకటి తగిలిస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరసగా వెలుగుతాయి, ఏ నంబరు వెలగకపోతే ఆ తీగ అందనట్టు. కనెక్టర్లు కూడా ఓ యాభై తీసుకో. తీగల కొసలు ముందువైపు నుంచి బయటికి పొడుచుకొచ్చే రకం అడుగు, పాస్ త్రూ అంటారు. నొక్కేముందే రంగుల వరస కంటికి కనిపిస్తుంది. అయితే ఆ కొసల్ని కోసే బ్లేడు ఉన్న టూలే తీసుకోవాలి, మామూలుది పనికిరాదు. రెండూ ఒకే షాపులో కొని, అక్కడే ఒకటి నొక్కి చూపించమను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజార్లోనో కోఠి గుజరాతీ గల్లీలోనో అయితే మొహమాటపడకుండా చూపిస్తారు.

రెండోది, రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అంటావు. ఉంది, కానీ కరెంటు పోయిన ప్రతిసారీ ఫ్యాన్లు ఆగకపోయినా నెట్ రెండు మూడు నిమిషాలు పోతోందని మీ మామగారే అన్నారు. ఇన్వర్టర్ అందుకునేలోపల ఆ రెప్పపాటుకే రౌటర్ ఆరిపోయి మళ్లీ మొదట్నుంచి లేస్తుంది. డబ్బు పెట్టేముందు ఒక పని చెయ్యి. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని చిన్న మీట ఏమైనా ఉందేమో చూడు. మామూలులో ఉంటే యూపీఎస్ వైపు తిప్పు. చాలా ఇళ్లలో దాంతోనే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. సరిపోకపోతేనే కొను.

కొనేటప్పుడు అడాప్టర్ మీద రాసింది చూసుకోవాలి. 12 వోల్టులని ఉంటే యూపీఎస్ కూడా కచ్చితంగా 12 ఇవ్వాలి. ఆంపియర్లు మాత్రం సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. మీ ఇంట్లో ఫైబర్ పెట్టె వేరు, రౌటర్ వేరు. కాబట్టి రెండు అవుట్‌పుట్లు ఉన్నది కావాలి, రెండిటి ఆంపియర్లూ కలుపుకోవాలి. డబ్బా మీద 8000 ఎంఏహెచ్ అని, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు కొలత, పెద్ద అక్షరాలతో రాస్తారు, అది చూసి ఎనిమిది గంటలనుకోకు. అది లోపలి సెల్లు దగ్గర లెక్క, 3.7 వోల్టులది. 12కి పెంచి ఇచ్చేసరికి, పది వాట్లు తాగే సామానుకి రెండు గంటలు, మహా అయితే రెండున్నర. మీకు అది చాలు.

ఫైబర్ పెట్టెకీ రౌటర్‌కీ వాటి అడాప్టర్లకీ వెనక, కింద ఉన్న స్టిక్కర్లన్నీ ఫొటోలు తీసి నాకు పంపు, నేను చూసి చెబుతాను. నాకొక్కడికే పంపు. రౌటర్ స్టిక్కర్ మీద వైఫై పాస్‌వర్డ్ కూడా ఉంటుంది, మన కుటుంబం గ్రూపులో పెట్టావంటే బెజవాడ పిన్ని వాళ్ల పక్కింటికి కూడా తెలిసిపోతుంది.

మూడోది నవ్వులాటగా ఉంటుంది గానీ నా ఓటు దీనికే. లేబుల్ ప్రింటరు, ఓ రూళ్ల నోట్‌బుక్కు. ఎక్స్ఛేంజిలో మాకు జంపరు, అంటే లైన్లని కలిపే చిన్న తీగ, ఒక్కటి మార్చినా రిజిస్టర్లో రాయకుండా ఇంటికి వెళ్లనిచ్చేవారు కాదు. మీ ఇంట్లో టీవీ వెనక నల్ల అడాప్టర్లు ఐదు చూశాను, అన్నీ అక్కాచెల్లెళ్లలా ఒకే పోలిక. ఏది ఏ పెట్టెదో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన బెంగుళూరు వెళ్లిన రోజున సెట్‌టాప్ బాక్సుది పీకి రౌటర్‌కి పెట్టారనుకో, వోల్టులు ఎక్కువైతే కాలిపోవచ్చు. అడాప్టర్ నెత్తిన ఒక పేరు, తీగకి రెండు కొసలా అదే పేరు ఉంటే ఫోన్లో చెప్పినా మీ మామగారు చేసేయగలరు.

కేబుల్ చుట్ట కొనాలనిపిస్తే క్యాట్6 అనే రకం నెట్ కేబుల్ కొను, కానీ లోపలంతా రాగే అయ్యుండాలి. డబ్బా మీద సీసీఏ అని ఉంటే అది రాగి పూసిన అల్యూమినియం, మన గిల్టు గాజుల్లాంటిది. తీగ కొసని బ్లేడుతో గీకు, తెల్లగా బయటపడితే వద్దు. చేత్తో ఎత్తినా తేలిగ్గా ఉంటుంది. నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది.

ఇంకాస్త పెట్టగలిగితే, వస్తువు బదులు పనే బహుమతిగా ఇవ్వచ్చు. పై గదికి వైఫై అందట్లేదని ఏడాది నుంచి అంటున్నావు. మధ్యలో స్లాబు, దాన్నిండా ఇనుము, సిగ్నల్ ఎలా ఎక్కుతుంది? కొమ్ములు పెంచితే ఎక్కేది కాదు. ఎలక్ట్రీషియన్ని ఒక పూట పిలిచి పైకి విడిగా ఒక పైపులో క్యాట్6 లాగించు. కరెంటు తీగల పైపులోనే తోసేస్తానంటాడు, ఒప్పుకోకు. పైన ఏ పెట్టె పెట్టాలన్నది అల్లుడుగారికి వదిలెయ్. తీగ ఎక్కడ తేలాలో మాత్రం ముందే ఆయన్ని ఆరా తియ్యి, నవ్వుతూ అడిగితే చెప్పేస్తారులే.

రాస్‌ప్‌బెర్రీ పై అని చిన్న కంప్యూటర్ బోర్డులొస్తున్నాయి, ప్రకటనల్ని ఇంటి మొత్తానికీ ఆపే ప్రోగ్రాము వేసుకుంటారట. మా చిన్నాడు దాని ముందు కూర్చుంటే తిండి గుర్తుండదు. పిల్లాడు కాస్త పెద్దయ్యేదాకా నువ్వు ఆ జోలికి పోకు.

డబ్బు పెట్టనిది ఒకటుంది. ఆయన చేత చుట్టాలకోసం వేరే గెస్ట్ వైఫై పెట్టించి, దాని క్యూఆర్ కోడ్ అచ్చు తీయించి ఫ్రేము కట్టి హాల్లో తగిలించు. వచ్చినవాళ్లు చెప్పులు విప్పుతూనే “బాబూ, పాస్‌వర్డ్?” అనడం తగ్గుతుంది. ఆ మాట మొన్న నేనే రెండుసార్లు అడిగాను.

టెస్టర్‌కి 9 వోల్టుల చదరపు బ్యాటరీ కావాలి, పెట్టెలో చాలాసార్లు ఉండదు. విడిగా ఒకటి తెచ్చి ఉంచు. పుట్టినరోజు పొద్దున పెట్టె విప్పగానే దీపం వెలగాలి, లేకపోతే కేకు వదిలేసి బజారుకి బయల్దేరతారు.

మీ అత్తమామలకి నమస్కారాలు, పిల్లాడికి ముద్దులు.

మీ పెదనాన్న