వీల్‌చైర్‌తో మ్యూజికల్ నైట్‌కు వెళ్తే గేటు దగ్గరే ఆపారు, కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. మా తమ్ముడికి 28 ఏళ్లు. బైక్ యాక్సిడెంట్‌లో వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ లేదు, వీల్‌చైర్‌లోనే ఉంటాడు. వాడికి పాటలంటే ప్రాణం. ఈమధ్య ఇక్కడ ఒక గ్రౌండ్‌లో మ్యూజికల్ నైట్ పెడితే చెరో 1,500 పెట్టి టికెట్లు కొన్నాం. ముందే ఫోన్ చేసి అడిగితే వీల్‌చైర్‌తో రావచ్చు అన్నారు. తీరా వెళ్తే బౌన్సర్లు గేటు దగ్గర ఆపి, జనం తోసుకుంటే మాకు రిస్కు అన్నారు. గట్టిగా అడిగేసరికి ఇద్దరు వచ్చి, వాడినొక మాటైనా అడక్కుండా కుర్చీతో సహా ఎత్తుకెళ్లి జనరేటర్ పక్కన బారికేడ్‌కు ఆనించి పెట్టారు. అక్కణ్నుంచి స్టేజీ కనపడదు. సింగర్ రాగానే జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు, కుర్చీ పడిపోయి వాడి మోచేతికి కుట్లు పడ్డాయి. ఇదేంటని అడిగితే ఒక బౌన్సర్ అందరి ముందూ "ఇట్లాంటోళ్లు ఇంట్లో టీవీలో చూసుకోవచ్చు కదా" అన్నాడు. పోలీస్ స్టేషన్‌లో చిన్న గొడవేగా, రాజీ పడండి అన్నారు. నిర్వాహకులు టికెట్ వెనక "ప్రమాదాలకు మాది బాధ్యత కాదు" అని ఉంది చూసుకోమంటున్నారు. అమ్మేమో అసలు వాడిని తీసుకెళ్లడమే నా తప్పు అంటోంది. మేం ఏమైనా చేయగలమా?

జవాబు: చేయగలరు. ముందు మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి, మీరు తప్పేమీ చేయలేదు. డబ్బు పెట్టి టికెట్ కొన్నారు, ముందే ఫోన్ చేసి అడిగారు, వాళ్లు రమ్మన్నాకే వెళ్లారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 29 అని ఒకటుంది, అది సాంస్కృతిక కార్యక్రమాల్లో, వినోదంలో అందరితో సమానంగా పాల్గొనే హక్కు గురించే. వైద్యం, చదువు, ఉద్యోగం లాంటివాటికి మాత్రమే దివ్యాంగులు బయటికి రావాలి, పాటల కచేరీకి ఎందుకులే అనే ఆలోచన మన ఇళ్లల్లో కూడా ఉంది. చట్టం మాత్రం అలా అనుకోలేదు.

ఇక వాళ్లు చెప్పిన "రిస్కు" సంగతి. ఇలాంటి కేసుల్లో ఎదుటివాళ్ల మొదటి వాదన ఇదే, మీ భద్రత కోసమే ఆపాం అంటారు. 2012లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని శరీర కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న జీజా ఘోష్ అనే ఆవిడను విమానం ఎక్కాక సిబ్బంది దింపేశారు, అక్కడా ఇదే కారణం చెప్పారు. సుప్రీంకోర్టు 2016లో ఆ విమానయాన సంస్థతో ఆమెకు 10 లక్షల పరిహారం ఇప్పించింది. మీ తమ్ముడి విషయంలో ఈ వాదన ఇంకా బలహీనం, ఎందుకంటే రిస్కు ఉందని గేటు దగ్గరే వాళ్ల నోటితో వాళ్లే అన్నారు, అని కూడా తీసుకెళ్లి బారికేడ్‌కు ఆనించారు. జనం తోసుకొచ్చినప్పుడు ఒత్తిడంతా పడేది బారికేడ్ దగ్గరే. నిలబడ్డ మనిషి కనీసం పక్కకు జరుగుతాడు, వీల్‌చైర్‌లో ఉన్న మనిషి వెనక ఏం జరుగుతోందో చూడనూ లేడు, జరగనూ లేడు. అంటే ప్రమాదం ముందే తెలిసి, అది ఎక్కువగా ఉండే చోటే కూర్చోబెట్టారు. వాళ్ల నిర్లక్ష్యానికి ఇంతకంటే మంచి సాక్ష్యం మీకు దొరకదు, కాబట్టి ఆ "మాకు రిస్కు" అన్న మాటను మీ ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయండి.

మన ఊరికి ఈ విషయం ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. 2025 జనవరి 8న వైకుంఠ ఏకాదశి టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయింది ఇక్కడే. ఆ తర్వాత కూడా జనం తోసుకొస్తారని ఊహించలేదని తిరుపతిలో ఏ నిర్వాహకుడైనా అంటే నేనైతే ఒప్పుకోను.

మరి వాళ్లు ఏం చేసి ఉండాల్సింది? దివ్యాంగుల హక్కుల చట్టంలో "సహేతుక సర్దుబాటు" అనే మాట ఉంది. నిర్వాహకుల మీద మోయలేని భారం పడనంతవరకు, దివ్యాంగుడికి అవసరమైన మార్పు చేసి తీరాలి, చేయకపోతే అదే వివక్ష. మరి గ్రౌండ్‌లో ఏం చేయాలి? స్టేజీ కనపడేలా కాస్త ఎత్తు వేదిక, దానికి ర్యాంపు (అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి, నిటారుగా చెక్క పడేస్తే అది ర్యాంపు కాదు), పక్కన తోడు మనిషికి చోటు, వీల్‌చైర్ పట్టే టాయిలెట్, జనం పరుగెత్తే దారిలో కాకుండా బయటికి పోయే గేటుకు దగ్గర స్థలం, ఏదైనా జరిగితే ఆ మనిషిని ఎవరు తీసుకెళ్లాలో ముందే చెప్పిపెట్టిన ఇద్దరు వాలంటీర్లు. చెవుడు ఉన్నవాళ్లకు మైకులో అనౌన్స్‌మెంట్ వినపడదు కాబట్టి అదే స్క్రీన్ మీద వేయాలి. లైటింగ్‌కు, సౌండ్‌కు అంత ఖర్చు పెట్టేవాళ్లకు ఇవన్నీ మోయలేని భారం అంటే ఏ జడ్జి నమ్ముతారు?

ఎదుటి లాయరు ఒక పాయింటు లాగుతాడు, ముందే తెలుసుకోండి. ఈ చట్టంలో ప్రజలు వాడే భవనాలు, అంటే ప్రైవేటువి, సాంస్కృతిక వినోద కార్యక్రమాలవి కూడా, అందరికీ అందుబాటులో ఉండాలని ఉంది. పాత భవనాలు మార్చుకోవడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022 జూన్‌తోనే అయిపోయింది. మహతి ఆడిటోరియంలోనో చిత్తూరు నాగయ్య కళాక్షేత్రంలోనో ఇలా జరిగి ఉంటే ఈ మాట సూటిగా పడేది. మీది ఖాళీ గ్రౌండు కాబట్టి ఇది భవనమే కాదు అంటారు. అననివ్వండి. వివక్ష కూడదనే సెక్షన్ 3కు భవనంతో పని లేదు, సేవలు అందించే ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలన్నీ అందుబాటు నిబంధనలు పాటించాలని సెక్షన్ 46 విడిగా చెప్తోంది. ఈ నిబంధనలు ఇష్టమైతే పాటించే సలహాల్లా ఉండకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబర్ 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

టికెట్ వెనక రాత గురించి అసలు టెన్షన్ పడొద్దు. తన నిర్లక్ష్యానికి తాను బాధ్యుణ్ని కాను అని ఒకడు కాగితం మీద అచ్చు వేసుకున్నంత మాత్రాన చట్టం పక్కకు తప్పుకోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో "సేవా లోపం" అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే, వినియోగదారుడికి నష్టం లేదా గాయం కలిగించిన నిర్లక్ష్యం కూడా ఉంది. రమ్మని చెప్పి ఆపడం, స్టేజీ కనపడని చోట పెట్టడం, గాయపడేలా వదిలేయడం, ఈ మూడూ సేవా లోపాలే. మీరు ఉండే చోటే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, నిర్వాహకుల ఆఫీసు హైదరాబాదులో ఉన్నా చెన్నైలో ఉన్నా మీరు అక్కడికి పోనక్కర్లేదు. మీ టికెట్ల విలువకు కోర్టు ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు, కానీ అంతదాకా ఆగకండి. టికెట్ డబ్బులు, వైద్యం ఖర్చు, మనోవేదనకు పరిహారం, కేసు ఖర్చులు అన్నీ అడగండి. ఎంత వస్తుందని మాత్రం నన్ను అడక్కండి, ఇంత ఇప్పిస్తానని ముందే చెప్పే లాయరును నమ్మకండి కూడా.

ఆ బౌన్సర్ మాట నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది, దానికి సివిల్ కేసు చాలదు. నలుగురు చూస్తుండగా దివ్యాంగుణ్ని అవమానించాలనే ఉద్దేశంతో కించపరచడం దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 92 కింద నేరం, ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. ఇది చిన్న గొడవ కాదు, కోర్టు అనుమతి కోసం ఆగకుండా పోలీసులే ఎఫ్ఐఆర్ కట్టాల్సిన నేరం. అయితే ఉద్దేశం రుజువు చేయాలి, కాబట్టి ఆ మాట విన్నవాళ్లు కావాలి. చుట్టుపక్కల ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియో తీసే ఉంటారు, ఆ రాత్రి వచ్చిన మీ స్నేహితుల్ని, పక్క సీట్ల వాళ్లని వెతికి పట్టుకోండి. అడక్కుండా ఎత్తుకెళ్లడం గురించి కూడా రాయండి. సాయం చేశామని వాళ్లంటారు, సాయం చేసేవాడు ముందు అడుగుతాడు, ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా అడుగుతాడు. స్పర్శ లేని శరీరాన్ని తెలియనివాళ్లు పట్టి లేపితే తగిలిన దెబ్బ కూడా వెంటనే తెలియదు, అందుకే ఒళ్లంతా ఒకసారి డాక్టరుకు చూపించండి, ముఖ్యంగా వీపు, తుంటి, మడమలు. గాయం కలిగించిన నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కూడా ఫిర్యాదులో చేర్చమనండి.

పోలీసులు ఇలాంటి కేసులో ఎఫ్ఐఆర్ కట్టే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు, అది చట్టంలోనే ఉంది, దానికి సహకరించండి. కానీ రాజీ పడమని తిప్పి పంపడం ఎక్కడా లేదు. ఈసారి నోటిమాటగా వద్దు, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. తీసుకోకపోతే అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో తిరుపతి జిల్లా ఎస్పీ గారికి పంపండి, అక్కడా కదలకపోతే మెజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. దివ్యాంగుల మీద దౌర్జన్యం జరిగిందని ఫిర్యాదు వస్తే ఉచిత న్యాయ సహాయం హక్కు ఉందని ఆ పోలీసు అధికారే మీకు చెప్పాలని దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 7లో ఉంది. మీకు ఎవరూ చెప్పలేదనుకుంటా, అది కూడా ఎస్పీ గారికిచ్చే కాగితంలో రాయండి.

సదరం సర్టిఫికెట్‌లో (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) శాతం తక్కువ ఉందనో, రెన్యువల్ కాలేదనో ఎవరైనా అంటే పట్టించుకోకండి. 40 శాతం లెక్క రిజర్వేషన్ల వంటి ప్రయోజనాలకు. వివక్ష, అవమానం నుంచి రక్షణకు ఆ లెక్క లేదు.

రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు కూడా ఒక ఫిర్యాదు పంపండి, పిలిపించి విచారించే అధికారాలు ఆయనకు ఉన్నాయి. జిల్లాలో దివ్యాంగుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో ఒక కాపీ ఇవ్వండి. ఆ కార్యక్రమానికి పోలీసులు, నగరపాలక సంస్థ ఇచ్చిన అనుమతుల కాపీలు ఆర్టీఐలో అడగండి, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. ఎంతమందికి అనుమతి ఇచ్చారు, ఎన్ని గేట్లు అన్నారు, అంబులెన్స్ ఎక్కడ అన్నారు, ఇవన్నీ అందులో దొరికే అవకాశం ఉంది. బౌన్సర్లు ఏ ఏజెన్సీ వాళ్లో కూడా కనుక్కోండి. 2005 చట్టం ప్రకారం ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి, గార్డులకు శిక్షణ ఇచ్చి ఉండాలి. లేకపోతే అది వాళ్ల మెడకు ఇంకో చుట్టు.

అన్నిటికంటే ముందు ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. సీసీ కెమెరా రికార్డింగ్ కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది, కాబట్టి గ్రౌండ్ యజమానికీ నిర్వాహకులకూ ఆ రోజు ఫుటేజీ భద్రపరచమని నోటీసు పంపాలి. లాయరు ఖర్చు గురించి ఆలోచించకండి, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా తిరుపతి కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీకి నేరుగా వెళ్లండి. వెళ్లేటప్పుడు టికెట్లు, ముందు మీరు చేసిన ఫోన్ కాల్ వివరం కనపడేలా స్క్రీన్‌షాట్, కుట్లు వేసిన ఆసుపత్రి కాగితాలు (రుయా ఆసుపత్రిలో చూపించి ఉంటే అక్కడి మెడికో లీగల్ నమోదు, అంటే పోలీసు కేసుకు పనికొచ్చేలా రాసే గాయం వివరం, దాని కాపీ), పడిపోయిన కుర్చీ ఫొటోలు పట్టుకెళ్లండి. వీడియో ఉన్న ఫోన్‌ను మాత్రం అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు, కోర్టు అసలు ఫోన్ అడగొచ్చు.