మాట–మూలం: కమాను ఎక్కడెక్కడ వంగింది?

ప్రశ్న: కరీంనగర్‌లో కమాన్ చౌరస్తా ఉంది. లారీ మెకానిక్కులేమో ‘కమాన్ కట్ట విరిగింది’ అంటారు. రెండూ ఒకే మాటేనా? (ఒక పాఠకుడు, హుజూరాబాద్)

ఒకే మాట. ఫారసీలో కమాన్ అంటే విల్లు. ‘తీర్ కమాన్’ అంటే బాణమూ విల్లూ. ఉర్దూ ద్వారా మనకు వచ్చేసరికి విల్లు అనే అర్థం వెనక్కిపోయి, విల్లులా వంగినవన్నీ ముందుకొచ్చాయి. వంపు తిరిగిన ద్వారం కమాను. హైదరాబాద్‌లో చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న చార్ కమాన్ అంటే అలాంటివి నాలుగు. మరాఠీలో ‘కమాన్’, కన్నడలో ‘కమాను’ కూడా ఈ అర్థంలోనే వాడుతారు. ఇరాన్‌లో మాత్రం కట్టడంలోని ఈ వంపుకు ‘తాఖ్’ అనడమే మామూలు. ద్వారానికి కమాన్ పేరు బాగా స్థిరపడ్డది మన దక్కన్‌లోనే.

లారీ కమాన్, అంటే కుదుపును ఓర్చే స్ప్రింగు కట్ట, ఇంకా అసలు విల్లుకు దగ్గర. వంచిన ఉక్కు పట్టీలను పొడుగుది పైన, పొట్టివి కింద పేర్చి, నడుమ సెంటర్ బోల్టు వేసి, యూ బోల్టులతో యాక్సిల్‌కు బిగిస్తారు. పై పట్టీ కొసలు గుండ్రంగా చుట్టి ఉంటాయి, వాటిలో బుష్షులు కూర్చుంటాయి. బరువు పడగానే విల్లు చదునవుతుంది, అంటే రెండు కొసల మధ్య దూరం పెరుగుతుంది. అందుకే ఒక కొసను ఛాసీకి కదలకుండా బిగించి, రెండో కొసను షాకిల్ అనే ఊగే లంకెకు తగిలిస్తారు. రెండు కొసలూ బిగిస్తే కమాన్ పని చేయదు.

గ్రానైట్ బండలు మోసే లారీల్లో పట్టీ చాలాసార్లు సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే విరుగుతుంది. ఉక్కు అక్కడ తక్కువ, లాగుడు ఎక్కువ. యూ బోల్టులు వదులైతే సెంటర్ బోల్టే తెగి, యాక్సిల్ జరిగి బండి ఓరగా నడుస్తుంది. పాత కట్టలో ఒక్క కొత్త పట్టీ వేస్తే దాని వంపు ఎక్కువగా ఉండి, బరువంతా అదే మోసి ముందుగా విరుగుతుంది. కొత్తదాన్ని పాతవాటి వంపుకు సరిచూసుకోవాలి, లేదా కట్టంతా మార్చాలి. హిందీ, ఉర్దూల్లో స్ప్రింగును ‘కమానీ’ అంటారు. గడియారంలోదైనా అంతే.

ప్రశ్న: వరంగల్ కోట కీర్తితోరణాలను కొందరు ‘కాకతీయుల కమాన్లు’ అంటున్నారు. సరైనదేనా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

ఈ రోజుల్లో ఊరి మొదట్లో కట్టే ప్రతి ద్వారాన్నీ కమాన్ అంటున్నాం కాబట్టి వాడుకలో తప్పనలేం. కట్టడపు లెక్కన మాత్రం తప్పే. కోటలోనే రెండు పద్ధతులూ చూడవచ్చు. తోరణం దగ్గర నిలబడి పైకి చూడండి: నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డంగా రాతి దూలాలు. దూలం కింద మూలల్లో వంపు తిరిగిన దిమ్మెలున్నాయి కదా, కన్ను మోసపోయేది అక్కడే. బరువు మోసేది ఆ వంపు కాదు, దూలమూ స్తంభాలూ.

తర్వాత పక్కనే ఉన్న ఖుష్‌మహల్ లోపలికి వెళ్లండి. అక్కడివి అసలు కమాన్లు. రాళ్ల అతుకులు గమనిస్తే తేడా తెలుస్తుంది. కమాన్‌లో అతుకులన్నీ వంపు లోపలి వైపుకు చూస్తుంటాయి. ప్రతి రాయీ కింద సన్నం, పైన వెడల్పు. కింద కర్రలతో సెంట్రింగు పెట్టి, రెండు పక్కల నుంచి పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన రాయిని ఆఖరుకు దిగ్గొడతారు. అది పడేదాకా సెంట్రింగు తీయకూడదు. రాయి నొక్కుడును ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. దూలం అడుగున లాగుడు పుడుతుంది కాబట్టి మరీ పొడుగు దూలం నడుమ పగులుతుంది. కమాన్‌లో అంతా నొక్కుడే, కాకపోతే అది పక్కలకు తోస్తుంది. పక్క గోడలు సన్నగా ఉండి జరిగాయంటే నడినెత్తిన పగులు వస్తుంది. ఖుష్‌మహల్ గోడలు ఎంత మందమో చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

‘తోరణం’ సంస్కృత పదం. ఇంటి దర్వాజకు కట్టే మామిడాకుల తోరణమూ అదే మాట. కీర్తితోరణాన్ని తోరణమనే అనాలని మా పట్టుదల.

ప్రశ్న: ‘పార్టీ కమాన్’ అని హిందీ వార్తల్లో వింటాం. అదీ విల్లేనా?

కాదు. అది ఇంగ్లిష్ ‘కమాండ్’ హిందీలో అరిగి అయిన కమాన్. దాని మూలం లాటిన్, విల్లుతో చుట్టరికం లేదు. మన పత్రికలు అదే చోట ‘పగ్గాలు చేపట్టారు’ అంటాయి, అది మనకు నప్పిన మాట. క్రికెట్ మైదానంలో వినబడే ‘కమాన్’ మూడోది, అదీ ఇంగ్లిషే.

ప్రశ్న: ఫిడేలు కమాను?

అది ఫారసీదే. చిన్నది అని చెప్పడానికి ఫారసీలో ‘చ’ చేరుస్తారు: బాగ్ తోట, బగీచా చిన్న తోట. అలాగే కమాన్ నుంచి ‘కమాంచ’ అనే తీగవాద్యం పేరు. ఇరాన్, అజర్‌బైజాన్‌ల కమాంచ కళను యునెస్కో 2017లో వారసత్వ జాబితాలో చేర్చింది. తుర్కీలో ‘కెమాన్’ అంటే ఏకంగా వయొలినే. తమాషా ఏమంటే, ఇప్పటి వయొలిన్ కమాను పుల్ల వింటికి ఎదురుగా, గుర్రపు వెంట్రుకల వైపే లోపలికి వంగి ఉంటుంది. పేరుకు ఆ సంగతి పట్టలేదు.

ఇక్కడొక జాగ్రత్త. ఇంగ్లిష్‌లో ‘బో’ అంటే విల్లు, వయొలిన్ కమాను కూడా. ద్వారపు వంపుకు వాళ్లనే ‘ఆర్చ్’, లాటిన్‌లో విల్లును చెప్పే ‘ఆర్కస్’ నుంచి వచ్చింది. అలాగని కమాన్ అక్కడి నుంచి వచ్చిందనో, ఇక్కడి నుంచి అక్కడికి పోయిందనో అనుకోవద్దు. అరువు తెచ్చుకుంటే శబ్దం కలవాలి. ఇక్కడ కలిసింది ఊహ మాత్రమే. వాన వెలిసిన ఆకాశంలోని రంగులను చూసి ఫారసీవాళ్లు ‘రంగీన్ కమాన్’ అన్నారు, సంస్కృతం ఇంద్రధనుస్సు అంది, తెలుగు హరివిల్లు అంది. మన పల్లెల్లో దాన్ని సింగిడి అంటారు.